పసుపుపూల గుంటగలగర: గుర్తుపట్టి తెచ్చుకోవడం నుంచి నూనె కాచుకోవడం దాకా

గుంటగలగరాకు అనగానే చాలామందికి గుర్తొచ్చేది కాలువ గట్టున, వరి మడి అంచున తెల్లటి చిట్టి పువ్వు పూసే మొక్క. కొన్నిచోట్ల గుంటగరగరాకు అంటారు. దానికి దగ్గరి చుట్టం ఒకటుంది, అదే చామంతి కుటుంబం, పువ్వు మాత్రం పసుపు. తెల్లపూలది ఒక పంట కాలం పెరిగి, పూసి, విత్తనం రాల్చి చాలావరకు ఎండిపోతుంది. పసుపుపూలది అలా కాదు. నేల మీద పాకుతూ, కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక్కసారి సరైన మొక్క నాటుకుంటే మళ్లీ వెతుక్కునే పని లేదు.

ఆయుర్వేదంలో దీన్ని పీత భృంగరాజం అంటారు. తమిళంలో మంజళ్ కరిసలాంగణ్ణి, మలయాళంలో మంజక్కయ్యోన్ని. శాస్త్రీయ నామం స్ఫాగ్నెటికోలా కాలెండులేసియా. పాత పుస్తకాల్లో వెడీలియా చైనెన్సిస్ అనీ, వెడీలియా కాలెండులేసియా అనీ కనిపిస్తుంది. చిక్కంతా ఈ పాత పేరుతోనే వస్తుంది. నర్సరీకి వెళ్లి ‘వెడీలియా’ కావాలంటే మీ చేతిలో పెట్టేది ఇది కాదు.

ముందు మొక్క సరైనదేనా చూసుకోండి

నర్సరీల్లో వెడీలియా పేరుతో దొరికేది సింగపూర్ డైసీ. రోడ్డు మధ్య డివైడర్లలో, అపార్ట్‌మెంట్ల ముందు పచ్చటి తివాచీలా పరుచుకుని పసుపు పూలు పూసేది అదే. దాని శాస్త్రీయ నామం స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా, పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. మన మొక్కకి సొంత అక్కచెల్లెలు లాంటిదే అయినా మన నేలది కాదు. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన వంద చొరబాటు జాతుల జాబితాలో దానికీ చోటుంది. కాలువ గట్టు మీద పడితే మన మొక్కనే తొక్కేసి పరుచుకుంటుంది.

పువ్వు చూసి తేల్చుకోవడం కష్టం, రెండూ పసుపే. ఆకు చూడండి. సింగపూర్ డైసీ ఆకు మందంగా, పైన నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. చాలా ఆకులకి రెండు పక్కలా చెవుల్లా రెండు తమ్మెలు పొడుచుకొచ్చి, మొత్తం మూడు మొనలుగా కనిపిస్తుంది. మన పసుపుపూల గుంటగలగర ఆకు సన్నగా, పొడవుగా, బల్లెం మొనలా ఉంటుంది. పొడవు 3 నుంచి 7 సెంటీమీటర్లు, వెడల్పు ఒకటి నుంచి రెండు. అంచు దాదాపు నున్నగానే ఉండి, అక్కడక్కడ ఒకటి రెండు పళ్లు మాత్రం కనిపిస్తాయి. తొడిమ ఉందా లేదా అన్నట్టుంటుంది. ఆకులు కణుపుకి రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి. బొటనవేలితో ఆకు మీద కొస నుంచి మొదలుకి రుద్దండి, కాస్త గరుకుగా తగులుతుంది. ఆకుకి రెండు వైపులా పొట్టి, బిరుసు నూగు అదిమినట్టు పడుకుని ఉంటుంది. ఆ గరుకు సింగపూర్ డైసీలో అంతగా తెలియదు.

పువ్వుని కూడా ఒకసారి దగ్గరగా చూడండి. కొమ్మ చివర, ఆకు పంగలో ఒక్కటే పువ్వు వస్తుంది. దాని కాడ పొడవు, 3 నుంచి 10 సెంటీమీటర్ల దాకా. ఈ కాడ వల్లే పువ్వు ఆకుల మీదికి లేచి నిలబడుతుంది. వెడల్పు 2 నుంచి రెండున్నర సెంటీమీటర్లు. పువ్వుని నిలువునా చీలిస్తే ఒకటనుకున్నది గుంపు అని తెలుస్తుంది. చుట్టూ రేకుల్లా కనిపించే ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు, కొస దగ్గర రెండు మూడు గంట్లు ఉంటాయి. మధ్య దిమ్మలో సన్నటి గొట్టాల్లాంటి పూలు పదులకొద్దీ ఉంటాయి. అవి అంచు నుంచి నడిమికి వరసగా విచ్చుకుంటాయి. అందుకే పూసిన మర్నాడు చూస్తే దిమ్మ అంచు పొడిపొడిగా, నడుమ ఇంకా మొగ్గగా ఉంటుంది. వీటన్నిటికీ కింద ఐదు ఆకుపచ్చ పత్రాలు గిన్నెలా పట్టుకుని ఉంటాయి.

తెల్లపూల రకంతో పొరబడే అవకాశం పువ్వున్నప్పుడు లేదు. పువ్వు లేనప్పుడు ఆకుని వేళ్ల మధ్య బాగా నలిపి కాసేపు ఆగండి. తెల్లపూల గుంటగలగర రసం వేలి మీద నల్లగా దిగిపోతుంది. ఇక గడ్డిచామంతి ఆకు అంచంతా లోతుగా కోసినట్టు పళ్లతో ఉంటుంది, దాని విత్తనానికి గాలిలో ఎగిరే దూది కుచ్చు ఉంటుంది. మన మొక్క విత్తనానికి అలాంటి కుచ్చేమీ లేదు, చిన్న గిన్నె అంచులాంటిది మాత్రం ఉంటుంది. ఎగిరి వెళ్లలేదు కాబట్టే ఇది గాలిని కాక నీటినీ కొమ్మనీ నమ్ముకుని వ్యాపిస్తుంది.

పువ్వు లేని మొక్కని మాత్రం తెచ్చుకోవద్దు. తడి ఉన్న చోట దాదాపు ఏడాదంతా ఏదో ఒక పువ్వు కనిపిస్తూనే ఉంటుంది, వానాకాలం నుంచి చలికాలం దాకా ఇంకా ఎక్కువ.

ఎక్కడ వెతకాలి, ఎలా తెచ్చుకోవాలి

నీరు పారే చోటు, నీరు ఊరే చోటు: పంట కాలువల గట్లు, చెరువు లోపలి గట్టు, వరి పొలాల గెనాలు, కొబ్బరి తోటల్లో నీడపడే తడి నేల. మెట్ట చేలో వెతికి లాభం లేదు.

మూడు చోట్ల మాత్రం తీసుకోవద్దు. మురుగు కాలువ అంచు ఒకటి. కలుపు మందు కొట్టిన గెనం రెండోది. గట్టు మీద గడ్డి గుండ్రగా, ఒక్కచోటే పసుపెక్కి మాడి ఉంటే మందు కొట్టారని అర్థం. ఎప్పుడూ లారీలు తిరిగే రోడ్డు పక్క మూడోది. నూనెకీ కూరకీ వాడే ఆకు కాబట్టి ఈ విషయంలో మొహమాటం వద్దు. పొలం గట్టు అయితే రైతుని అడిగి తీసుకోండి. ఏ మందు ఎప్పుడు కొట్టారో కూడా అదే మాటలో తెలిసిపోతుంది.

మొక్కని వేళ్లతో పీకనక్కర్లేదు. పాకే కొమ్మల్లో కణుపు దగ్గర తెల్లటి వేళ్లు దిగినవి చూసుకుని, ఆ కణుపుకి ఇరుపక్కలా కత్తిరించి, కాస్త మట్టితో సహా ఎత్తితే చాలు. గుబురులో పది కొమ్మలుంటే ఒకటి తీసుకోండి. అలాంటివి ఆరేడు ఉంటే ఒక ఇంటికి సరిపడా మొదలు పెట్టొచ్చు. తడి గోనెగుడ్డలోనో తడిపిన న్యూస్‌పేపర్లోనో చుట్టి, సంచి మూతి తెరిచి తీసుకురండి. మూతి బిగించిన ప్లాస్టిక్ కవరుని ఎండలో బండికి తగిలించుకొస్తే ఇల్లు చేరేసరికి ఆకు ఉడికిపోతుంది.

ఇంటికొచ్చాక ఒక్కో కొమ్మనీ తిప్పి చూడండి. దారపు పోగులా పసుపు తీగ ఎక్కడైనా చుట్టుకుని ఉంటే అది బంగారు తీగ, కొన్ని ఊళ్లలో సీతమ్మవారి పోగునూలు అంటారు. వేరుండదు, ఆకుండదు, పట్టిన మొక్క రసం తాగి బతుకుతుంది. అంగుళం ముక్క మిగిలినా మడంతా అల్లుకుంటుంది. అది ఉన్న కొమ్మని శుభ్రం చేసి నాటుదామని చూడకండి, కాల్చేయండి.

నాటడం

విత్తనం కోసం చూడొద్దు. విత్తనంతో వచ్చేవి తక్కువ, వచ్చినవీ ఆలస్యం. కొమ్మే నమ్మకం. తొలకరి పడ్డాక జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా నాటితే సగం పని వానే చేసిపెడుతుంది. నీటి వసతి ఉంటే జనవరి, ఫిబ్రవరిలో కూడా నాటుకోవచ్చు. వడగాడ్పుల కాలంలో నాటితే పదిలో ఎనిమిది పోతాయి.

వేరున్న కణుపులు దొరికితే నేరుగా మడిలో పెట్టేయొచ్చు. దొరక్కపోతే పువ్వు లేని, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మని 10 నుంచి 15 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కకి మూడు నాలుగు కణుపులుండాలి. కింది కోత కణుపుకి సరిగ్గా కిందే పడాలి, ఎందుకంటే వేరు పుట్టేది కణుపు దగ్గరే. కణుపుల మధ్య భాగం మట్టిలో ఎంతున్నా కుళ్లడం తప్ప చేసేదేం లేదు. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, ఆ రెండూ మట్టిలోకి వెళ్లేలా ఏటవాలుగా గుచ్చి, చుట్టూ వేళ్లతో గట్టిగా అదమండి. పైన రెండు జతల ఆకులకి మించి ఉంచకండి. వేరు లేకుండా అన్ని ఆకులకి నీరు అందించలేక ముక్క వడలిపోతుంది. వానాకాలంలో రెండు వారాల్లో వేళ్లు దిగుతాయి. మెల్లగా లాగి చూస్తే కదలకుండా పట్టుకుని ఉంటే వేరు పట్టినట్టే. రోజూ లాగి చూస్తే మాత్రం పట్టిన వేరు తెగిపోతుంది. కొత్త ఆకు జత వచ్చేదాకా ఆగి, అప్పుడొక్కసారి చూడండి.

నేల మీద అయితే మొక్కకీ మొక్కకీ, వరసకీ వరసకీ 30 సెంటీమీటర్లు. ఆ లెక్కన సెంటు నేలకి దాదాపు 450 ముక్కలు పడతాయి. ఇంటి అవసరానికి చదరపు మీటరు, అంటే పది పదకొండు మొక్కలు, ఆకుకూరగానూ తలనూనెకీ చాలు. తొందర లేకపోతే సగమే నాటండి, మిగతా ఖాళీని ఒక్క వానాకాలంలో అదే నింపుకుంటుంది.

డాబా మీద పెంచేవాళ్లు లోతైన కుండీ కంటే వెడల్పైన తొట్టి చూసుకోండి. మొక్క పాకుతుంది, వేళ్లు పైపైనే ఉంటాయి. అడుగు వెడల్పు, ఎనిమిది పది అంగుళాల లోతు ఉన్న తొట్టికి నాలుగు ముక్కలు. మట్టి రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు, ఇసుక ఒక వంతు. ఎరువు చేత్తో పట్టుకుంటే పేడ వాసన కాక మట్టి వాసన రావాలి. పచ్చి పేడ వేస్తే లేత వేళ్లు మాడిపోతాయి. నల్లరేగడి మాత్రమే ఉన్నవాళ్లు ఇసుక రెండు వంతులకి పెంచండి. లేకపోతే ఎండినప్పుడు నేల నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లో వేళ్లు తెగుతాయి.

చోటు విషయానికొస్తే పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు దీనికి ఇష్టం. రోజంతా నీడలో ఉంటే కణుపుల మధ్య దూరం పెరిగి, కొమ్మ సన్నగా సాగిపోయి, పువ్వు రాదు.

ఒక జాగ్రత్త. సింగపూర్ డైసీ ఉన్న తోటలో దీన్ని నాటొద్దు. రెండూ కలిస్తే సంకరం పుడుతుంది. దక్షిణ చైనాలో అలాంటి సంకర మొక్కలు బయటి ప్రదేశాల్లోనే కనిపించాయి. మీ దగ్గర అది ముందే ఉంటే వేళ్లతో సహా పీకి, ఎండబెట్టి కాల్చండి. ముక్కలు చేసి కాలువలో పారేస్తే ప్రతి ముక్కా ఒక మొక్క అవుతుంది.

నీరు, మేత, కోత

నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, బురదగా కాదు. పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. కాలువ గట్టున రెండు మూడు రోజులు నీట మునిగినా తేరుకునే మొక్క ఇది. కానీ అక్కడ నీరు పారుతుంది. కన్నం మూసుకుపోయిన తొట్టిలో నీరు నిలిచి కుళ్లుతుంది, ఆ తేడా గుర్తుంచుకోవాలి. మట్టి తడిగా ఉండగానే ఆకులు వేలాడుతున్నాయంటే దాహం కాదు, వేరు కుళ్లు. అప్పుడు ఇంకా నీళ్లు పోయడమే అందరూ చేసే తప్పు. కన్నం తెరిచి, మంచి కొమ్మల్ని ముక్కలు కోసి వేరే మట్టిలో పెట్టేయండి, పాత వేరు మీద ఆశ పెట్టుకోకండి.

ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద రోజుకి రెండుసార్లు నీరు, పైన యాభై శాతం నీడనిచ్చే షేడ్ నెట్ ఉండాలి. మొక్కల మధ్య ఎండుగడ్డి గానీ ఎండుటాకులు గానీ రెండంగుళాల మందం పరిస్తే ఒక తడి తగ్గుతుంది. అయితే కొమ్మలు ఆ గడ్డి పైనే పాకితే కణుపులకి మట్టి తగలదు. అక్కడక్కడ గడ్డి తొలగించి, కణుపుని మట్టికి ఆనించి, పైన ఒక చిన్న రాయి పెట్టండి.

మేత ఎక్కువ అడగదు. రెండు నెలలకోసారి చదరపు మీటరుకి కేజీ వర్మికంపోస్టు, లేదా కోత కోసిన ప్రతిసారీ ఒక వంతు జీవామృతానికి పది వంతుల నీళ్లు కలిపి మొదట్లో పోయడం. యూరియా చల్లితే ఆకు నిగనిగలాడుతూ లేస్తుంది నిజమే, వెంటనే పేనుబంకా దిగుతుంది.

నాటిన రెండున్నర నుంచి మూడు నెలలకి మొదటి కోత. నేలకి నాలుగు వేళ్ల ఎత్తున, కనీసం రెండు కణుపులు మిగిలేలా పదునైన కొడవలితో కోయండి. మొండి కొడవలితో లాగితే కొమ్మ తెగే బదులు కణుపు దగ్గర వేరుతో లేచొస్తుంది. ఆ తర్వాత నెలన్నర, రెండు నెలలకో కోత. మడిని రెండు భాగాలు చేసుకుని మార్చి మార్చి కోస్తే ఒక భాగంలో ఎప్పుడూ పువ్వు ఉంటుంది, తేనెటీగలకి మేత దొరుకుతుంది. మొదటి మొగ్గలు కనిపించే వేళ, పొద్దున మంచు ఆరాక కోసిన ఆకు మంచిది. మండు వేసవిలో కోత ఆపేయండి, ఆ ఆకే నేలకి గొడుగు.

మూడేళ్లకి గుబురు మధ్యలో బోసిపోతుంది. పాత మొదళ్లు చెక్కలా గట్టిపడి చిగురు వేయవు. వానాకాలం మొదట్లో ఆ మధ్య భాగాన్ని తవ్వి తీసేసి, ఎరువు కలిపి, అంచుల నుంచి వేరున్న కణుపులు తెచ్చి అక్కడ నాటండి.

ఆకు చెప్పే ఇబ్బందులు

కొత్త ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందట్లేదు. సున్నపు నేలల్లో, బోరు నీళ్లు పోసే చోట ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. నిమ్మ ఉప్పు మానేస్తే సున్నపు నీళ్లలో అన్నభేది తుప్పురంగు మడ్డిగా అడుగుకి దిగిపోతుంది, ఆకుకి అందదు. అలా కాక కింది ముదురాకులు మొత్తంగా పసుపెక్కితే అది నత్రజని లోపం, కంపోస్టు చాలు.

ఆకు అంచులు మాడి, తొట్టి అంచున తెల్లటి పొర కడితే ఉప్పు పేరుకుంది. నెలకోసారి కింద నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోయండి. వీలైతే ఆ ఒక్కసారి వాన నీళ్లు.

లేత చిగుళ్ల మీద నల్లగానో ఆకుపచ్చగానో పేనుబంక, కణుపు పంగల్లో తెల్లటి దూదిలా పిండినల్లి కనిపిస్తాయి. ముందు పైపు నీటితో గట్టిగా కడగండి, చాలావరకు పోతుంది. పోకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి రెండు చెంచాల కుంకుడు రసం. సాయంత్రం కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. చీమలు బారుగా ఎక్కుతుంటే ముందు వాటి దారి మూయాలి, ఈ పురుగులు విడిచే తీపి జిగురు కోసం చీమలే వీటిని కాస్తుంటాయి. ఆకు మీద తెల్లటి వంకర గీతలుంటే పాముపొడ, ఆ ఆకులు గిల్లి పారేస్తే సరి. అన్నభేది కొట్టినా వేపనూనె కొట్టినా వారం పది రోజులు ఆకు కోయకండి.

తలనూనె కాచే పద్ధతి

ఈ మొక్కనీ తెల్లపూల దాన్నీ కలిపి చూడటానికి కారణం ఉంది. వెడెలోలాక్టోన్ అనే పదార్థాన్ని ఈ పసుపుపూల మొక్క నుంచి వేరుచేసి దాని నిర్మాణం తేల్చినది 1956లో, మద్రాసులో టి. ఆర్. గోవిందాచారి బృందం. పేరు కూడా వెడీలియా నుంచే వచ్చింది. అదే పదార్థం తెల్లపూల గుంటగలగరలోనూ ఉంది. తెల్లబడిన వెంట్రుక ఈ నూనెతో మళ్లీ నల్లబడుతుందని మాత్రం మేం చెప్పం. మాడు పొడిబారకుండా, జుట్టు చిక్కుపడకుండా ఉండటానికి మంచి నూనె, అంతవరకు నమ్మకంగా చెప్పొచ్చు.

పచ్చి రసంతో నూనె కాచేటప్పుడు ఆయుర్వేదంలో లెక్క ఇది: నూనెకి నాలుగు రెట్లు రసం, నూనెలో ఎనిమిదో వంతు ఆకు ముద్ద. అంటే 250 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకి లీటరు రసం, 30 గ్రాముల ముద్ద. లీటరు రసానికి రెండున్నర, మూడు కేజీల ఆకు కావాలి. అంత రాకపోతే 100 మిల్లీలీటర్ల నూనె, 400 రసం, 12 గ్రాముల ముద్దతో కాయండి, లెక్క మారదు.

ఆకుని మూడు నీళ్లలో కడిగి, గుడ్డ మీద ఆరనిచ్చి, రోట్లోనో మిక్సీలోనో నూరి, పలచటి నూలు గుడ్డలో పిండండి. మిక్సీ తిరగడం లేదని నీళ్లు కలిపితే ఆ నీళ్లు ఇగిరేదాకా అదనంగా కాయాలి, కేజీ ఆకుకి గ్లాసు దాటనివ్వకండి. ముద్దకి ఆకుని విడిగా మెత్తగా నూరుకోవాలి. పిండేసిన పిప్పి పనికిరాదు.

రసం, ముద్ద, నూనె అన్నీ పోసినా సగానికి మించని, అడుగు మందమైన పెద్ద గిన్నె తీసుకోండి. రసం, ముద్ద, నూనె మూడూ చల్లగా ఉండగానే కలిపి పొయ్యి మీద పెట్టండి. కాగిన నూనెలో రసం పోస్తే చిమ్మి ఒళ్లు కాలుతుంది. మంట చిన్నది. మొదట నీరు ఆకుపచ్చగా తెర్లుతుంది, బుడగలు పెద్దవిగా లేస్తాయి. గంట దాటాక ముద్ద అడుగుకి దిగి అంటుకోవడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి చెక్క గరిటె ఆపకూడదు. తీరిక లేకపోతే నీరు సగం తగ్గాక దించి, మూత పెట్టి, మర్నాడు మిగతాది కాయొచ్చు.

నీరు ఇగిరిందా లేదా తెలుసుకోవడమే ఇందులో విద్య. మూడు గుర్తులు. గరిటె కొసతో ముద్ద కాస్త తీసి, చల్లారాక వేళ్ల మధ్య నలిపితే అంటుకోకుండా వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపట అనకుండా మండాలి, చప్పుడు వచ్చిందంటే నీరు మిగిలింది. నూనె మీద సన్నటి తెల్లటి నురగ ఒక్కసారిగా లేవాలి. తలకి రాసే నూనె కాబట్టి ముద్ద మెత్తగా కాక ఇసుకలా కొంచెం గరగరలాడే దాకా ఉంచుతారు. అది దాటి ఇంకో నిమిషం ఆగితే ముద్ద బొగ్గై, నూనెకి మాడు వాసన పడుతుంది, దాన్ని తిరిగి బాగుచేయలేం. కాబట్టి నురగ లేవగానే పొయ్యి కట్టేసి గిన్నె దించండి. నురగ పొంగి మంట మీద పడితే అంటుకుంటుంది, పొయ్యి వదిలి పక్కకి వెళ్లకండి. గోరువెచ్చగా ఉండగానే పొడి గుడ్డలో వడకట్టి, తడిలేని గాజు సీసాలో పోయండి. సీసా మీద తేదీ రాసి, ఆరు నెలల్లో వాడేయండి. వారానికే అడుగున మబ్బులా తేరితే, పులిసిన వాసన వస్తే నీరు మిగిలిపోయిందని, అది పారేయాల్సిందే.

మొదటిసారి వాడేముందు మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి రోజంతా చూడండి. వయ్యారిభామతో ఒళ్లు దురదలు, దద్దుర్లు వచ్చేవాళ్లకి ఈ జాగ్రత్త తప్పనిసరి. అదీ చామంతి కుటుంబమే, ఒకటి పడని ఒంటికి ఆ కుటుంబంలో ఇంకొకటీ పడకపోవచ్చు. అలాంటివాళ్లు కోతకీ నూరడానికీ చేతి తొడుగులు వేసుకోవాలి.

కూరకీ, పొడికీ

తమిళనాట దీన్ని ఆకుకూరగా వండుకుంటారు. లేత కొసలు నాలుగు ఆకుల వరకే తుంచి, కందిపప్పులో గుప్పెడు వేయండి, లేదా నూనెలో వేయించి ఎండుమిర్చి, చింతపండుతో పచ్చడి నూరండి. ముదురాకు గరుకు నూగు గొంతులో తగులుతుంది. కూరలో ఒకపూట తినడం వేరు, మందుగా రోజూ రసం తాగడం వేరు. గర్భిణులు, కాలేయ జబ్బుకి మందులు వాడేవాళ్లు వైద్యుణ్ని అడగకుండా రసం గానీ పొడి గానీ లోపలికి తీసుకోవద్దు.

పొడికి ఆకుని నీడలో, గాలాడే చోట, గుడ్డ మీద పలచగా పరచి రోజుకి రెండుసార్లు తిరగేయండి. ఎండలో పెడితే రంగు చచ్చి గడ్డిలా అవుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో ఆకు చేతిలో గలగలమని నలగాలి. ఈనె వంచితే వంగకుండా విరగాలి. ఐదారు కేజీల పచ్చాకుకి కేజీ ఎండాకు వస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు, రెండో రోజుకే లోపలి ఆకులకి బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని ఎండబెట్టి వాడుదామనుకోకుండా ఎరువు గుంటలో వేసేయండి.